అమ్మమ్మతో నరసాపురం: లేసు దారం, టిఫిను, ఒక్కరోజు ప్రయాణం – సలహాలు కావాలి

కాకినాడ కోడలు

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మకి 78 ఏళ్లు. పాలకొల్లు పక్క పల్లెలో పుట్టి, పెళ్లయ్యాకా ఆ చుట్టుపక్కలే ఉండి, చూపు ఆనినంతకాలం లేసు అల్లింది. ఇప్పుడు కాకినాడలో మా అమ్మ దగ్గర ఉంటోంది. కంటి ఆపరేషన్ అయ్యాక మళ్లీ సూది (లేసు అల్లే కొక్కెం సూది, క్రోషె) పట్టింది. నాకూ నేర్పుతోంది. నేను అల్లింది చూసి "ఇది లేసా, చేపల వలా?" అంటోంది, అది వేరే సంగతి.

ఈ ఆదివారం తననీ అమ్మనీ తీసుకుని నరసాపురం వెళ్దామనుకుంటున్నాం. మావారు కారు నడుపుతారు. దారం కొట్లు చూడాలి, తనకి నచ్చింది కొనివ్వాలి, ఎక్కడైనా కూర్చుని తీరిగ్గా కాఫీ తాగాలి, చీకటి పడేలోపు ఇల్లు చేరాలి. గుడి పెట్టుకోవడం లేదు. అంతర్వేది కూడా కలిపితే దారం సంగతి వెనక్కి పోతుందని నా భయం. ఊరు తెలిసినవాళ్లు చెప్పండి: దారం ఎక్కడ దొరుకుతుంది, పెద్దావిడ ఎక్కువ నడవకుండా పని అవుతుందా, దారిలో తిండి ఎక్కడ?

గోదారిగట్టు

మాది నరసాపురమే. మొదటి మాట, ఆదివారం రాకండి. సగం కొట్లు కట్టేసి ఉంటాయి. శనివారం పెట్టుకోండి, పదిన్నర తర్వాత చేరేలా చూసుకోండి.

రెండో మాట. అద్దాల అరలు, మెత్తటి సోఫా, పక్కనే కెఫే ఉండే యార్న్ షాపు మనసులో పెట్టుకుని వస్తే మాత్రం నిరాశపడతారు. ఇక్కడ దారం అమ్మేవి ఫ్యాన్సీ కొట్లు, కుట్టుమిషన్ సామాను కొట్లు. ఎనిమిదడుగుల గది, పైకప్పు దాకా అట్టపెట్టెలు. కానీ 20 నంబరు అంటే చాలు, కళ్లు మూసుకుని తీసిస్తారు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, దారం నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. స్టీలు సూదులూ అంతే, నంబరు పెరిగితే ముక్కు సన్నం. టేబుల్ క్లాతులకీ దిండు గలీబులకీ 20 చక్కగా సరిపోతుంది. 40 చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ ఆపరేషన్ అయిన కళ్లకి ఎందుకు? అవసరమైతే 10 తీసుకోండి.

తయారైన లేసు చూడాలంటే సీతారాంపురంలో లేసు పార్కు ఉంది. రోజూ అమ్మకాలు ఉంటాయనుకుని నేరుగా వెళ్లిపోకండి, ముందు కనుక్కోండి.

భీమవరం బాబాయ్

ఆయ్, ముందు తిండి సంగతి తేలాలండి, దారం ఎక్కడికీ పోదు.

కాకినాడ నుంచి 216 జాతీయ రహదారి పట్టుకుంటే యానాం, అమలాపురం, రాజోలు మీదుగా వస్తారు. అమలాపురం దగ్గర కాస్త పక్కకి తిరిగితే అంబాజీపేట. పొట్టిక్కలు తినకుండా కదలొద్దు. పనసాకులు బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసన కోసమే వెళ్లాలి. పెద్దావిడకి పళ్లు లేకపోయినా ఇబ్బంది లేదు.

పాలకొల్లు వైపు వస్తే దిబ్బరొట్టె. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా మెత్తగా ఉండాలి. చెరుకు పానకంతో తినాలి. పచ్చడితో తినేవాళ్లని నేను మనుషుల్లో లెక్కెయ్యను. కూర్చుని కాఫీ తాగాలంటే చించినాడ వంతెన దగ్గర దిండి ఉంది, గోదారి ఎదురుగా.

ఇంతకీ మీవారు ఆ రెండు గంటలూ ఏం చేస్తారు? ఆయన తరఫున అడుగుతున్నా. మా ఆవిడ లేసు కొట్టులోకి వెళ్తే నేను ఊళ్లో ఉన్న టీ కొట్లన్నీ తిరగాల్సొస్తోంది.

సికింద్రాబాద్ పిన్ని

జనరల్ బజార్ అలవాటైన దాన్ని, రెండు మాటలు చెప్తా. ఉండ మీద అతికించిన కాగితంలో రంగు నంబరుతో పాటు లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన దారానికి ఇచ్చేది) ఉంటుంది. ఒకే రంగు నంబరు, వేరే లాటు అయితే కొట్టులో లైటు కింద ఒకటిగానే కనపడతాయి, దుప్పటి సగం అయ్యాక ఎండలో పరిస్తే అతుకు తెలిసిపోతుంది. పెద్ద పని మొదలుపెట్టే ఆలోచన ఉంటే లెక్క కంటే ఒక ఉండ ఎక్కువే తీసుకోండి, అన్నీ ఒకే లాటు.

తెల్లదారంలో కూడా పాల తెలుపు, గంధం తెలుపు, క్రీము అని ఉంటాయి. ఇంట్లో సగంలో ఆగిన ముక్క ఏదైనా ఉంటే చేతిసంచిలో పెట్టుకెళ్లండి. ఆవిడ అలవాటు సూది కూడా. కొత్త సూదితో చెయ్యి కుదరదు వాళ్లకి.

లెక్కల మాస్టారు

ఏమీ అనుకోకండి. ఇంత దూరం డీజిలు తగలేసి దారం ఉండలు కొనడం ఏంటో నాకు అర్థం కావడం లేదు. అదే కంపెనీ, అదే నంబరు ఫోన్లో నొక్కితే రెండ్రోజుల్లో గుమ్మం ముందుంటుంది. పెద్దావిడని రోజంతా కారులో కుదిపే బదులు అదే నయం కదా?

కాకినాడ కోడలు

మాస్టారూ, ఆ లెక్క నేనూ వేసుకున్నా. అమ్మమ్మ తన జీవితంలో ఎప్పుడూ దారం కొనలేదు. ఈ మాట మొన్న అల్లుతూ అల్లుతూ మామూలుగా అంది. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడట, అల్లింది తూచి తీసుకెళ్లేవాడట. తూకం తగ్గితే కూలిలో కోత. రంగు, డిజైను, నంబరు అన్నీ అవతలివాళ్లవే. అరవై ఏళ్లు అల్లిన మనిషి కొట్టు మెట్టెక్కి "అది చూపించు" అనలేదంటే నాకు నిద్ర పట్టలేదు. అందుకే వెళ్తున్నాం.

పిన్నిగారూ, బాబాయ్‌గారూ, చాలా థాంక్స్. శనివారానికి మార్చేశాం.

గోదారిగట్టు

మీ అమ్మమ్మగారు చెప్పింది మా వీధిలో ప్రతి ఇంటి కథ. 1844 ప్రాంతంలో మాక్రే దంపతులనే మిషనరీలు ఈ పని ఇక్కడి ఆడవాళ్లకి నేర్పారని చెప్తారు. అప్పట్నుంచీ దారం ఇచ్చేది ఒకరు, అల్లేది ఇంకొకరు, అమ్ముకునేది మరొకరు. ఒక ఇంట్లో చక్రాలు అల్లితే, ఇంకో ఇంట్లో అతుకు పని చేస్తారు. మొత్తం టేబుల్ క్లాతు ఎలా వచ్చిందో అల్లినవాళ్లకే తెలియదు, అది ఓడెక్కి యూరప్ వెళ్లిపోతుంది.

2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. అప్పుడు పత్రికల్లో 15,000 మందికి పైగా ఆడవాళ్లు, 19 మండలాలు అని రాశారు. సంతోషమే. కానీ చైనా మిషను లేసు వచ్చి పడ్డాక కూలి గిట్టక చాలామంది మానేశారు. మా పిన్ని రొయ్యల షెడ్డుకి వెళ్తోంది.

కాబట్టి ఒక విన్నపం. దారం దగ్గర బేరమాడండి, మీ ఇష్టం. అల్లిన లేసు దగ్గర మాత్రం వద్దు. ఒక అరచేతి గుండ్రం అల్లడానికి ఎన్ని గంటలు పడుతుందో మీరిప్పుడు నేర్చుకుంటున్నారు కాబట్టి మీకు చెప్పక్కర్లేదు.

ఒహాయో అమ్మాయి

ఈ దారం చదువుతుంటే (ఇది కూడా దారమే!) మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పటి సంగతి గుర్తొచ్చింది. అమెరికాలో ఒహాయోలో హోమ్స్ కౌంటీ వైపు ఆమిష్ వాళ్లు (పాతకాలం పద్ధతిలో బతికే క్రైస్తవులు) ఎక్కువ. గుర్రబ్బండ్లు, పొలాలు, చిన్న చిన్న ఊళ్లు. బొంత దుప్పట్లు, ఊలు అమ్మే కొట్లు ఆ దారిలో చాలా ఉంటాయి. ఊలు, కుట్టుసామాను అమ్మే జోఆన్ దుకాణాలు 2025లో అన్ని ఊళ్లలోనూ మూతపడ్డాక మాలాంటివాళ్లకి ఇలాంటి చిన్న కొట్లే దిక్కు.

అమ్మ ఒక ఊలు చిలప చేతిలోకి తీసుకుని ధర అడిగింది. ముప్పై డాలర్లన్నాను. రూపాయల్లోకి మార్చుకుని, పసిపిల్లని ఉయ్యాల్లో పెట్టినంత జాగ్రత్తగా తిరిగి అరలో పెట్టేసింది. ఆ కొట్టులో మధ్యలో పెద్ద బల్ల, చుట్టూ కుర్చీలు. ఎవరైనా కూర్చుని అల్లుకోవచ్చు, కాఫీ కూడా వాళ్లే ఇస్తారు. అమ్మ తన సంచిలోంచి స్టీలు సూదీ తెల్లదారమూ తీసింది. ఎదురుగా ఉన్న ముసలావిడ లావు చెక్క సూదితో టోపీ అల్లుతోంది. కాసేపటికి ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. అమ్మకి ఇంగ్లీషు రాదు. రెండు గంటలు కూర్చున్నాం. నా ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది గానీ వాళ్ల మాటలు అవ్వలేదు.

అమలాపురం అల్లుడు

మగాళ్లకి ఒక సలహా. దూరంగా కారులో ఏసీ వేసుకుని కూర్చోవద్దు, పదినిమిషాలకోసారి ఫోన్ చేసి "అయిందా" అనొద్దు. అంతకంటే గొడవ లేదు. మాధవాయిపాలెం రేవుకి వెళ్లి పంటు చూడండి. లారీలు, బైకులు, పాలక్యాన్లు, పెళ్లివాళ్లు అందరినీ ఎక్కించుకుని సఖినేటిపల్లి దింపుతుంది. అక్కడ వంతెన కడతామని నేను చిన్నప్పట్నుంచీ వింటున్నా. ఈ మాధవాయిపాలెంలోనే ఈస్టిండియా కంపెనీ వాళ్ల బట్టల వర్తకం నడిచింది, మదపొల్లం అనే మెత్తటి నూలుగుడ్డకి ఆ పేరు ఇక్కడిదే.

వెళ్లేటప్పుడు చించినాడ వంతెన మీదుగా వెళ్లండి, వచ్చేటప్పుడు కారుతో సహా పంటు ఎక్కండి.

కాకినాడ కోడలు

శనివారం వెళ్లొచ్చాం. పెద్ద పోస్టు, ఓపికున్నవాళ్లు చదవండి.

పొద్దున్నే బయల్దేరాం. అంబాజీపేట పొట్టిక్కలకి అమ్మమ్మ పూర్తి మార్కులు వేసింది, చట్నీకి సగమే వేసింది. దిండిలో కాఫీ. అక్కడ గాలికి అమ్మ నిద్రలోకి జారుకుంది, లేపి కారెక్కించాం. నరసాపురం చేరేసరికి పదకొండు.

గోదారిగట్టు గారు చెప్పినట్టే ఎనిమిదడుగుల కొట్టు. కుర్రాడు ప్లాస్టిక్ స్టూలు తెచ్చి గుమ్మం లోపల వేశాడు. అమ్మమ్మ కూర్చుని, "ఏదీ, ఇరవై నంబరు చూపించు" అంది. ఉండ చేతికిచ్చాడు. కాగితం చదవలేదు, కంపెనీ పేరు అడగలేదు. దారం కొస పట్టుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వెనక్కి తిప్పింది. పోగులు విడిపోయాయి. విడివిడిగా లెక్కపెట్టి, ఒక పోగుని గోటితో లాగింది. తర్వాత దారాన్ని కింది పెదవి మీద అటూ ఇటూ రాసుకుంది. "మెరుపుంది గానీ పురి తక్కువ. ఇంకోటి తియ్యి." కుర్రాడు నా వంక చూశాడు. నేనేం చెప్తాను?

మూడోదో నాలుగోదో నచ్చింది. అప్పటికి లోపల లెక్కలు చూసుకుంటున్న ఓనరుగారు కళ్లజోడు పైకెత్తి, "మామ్మగారూ, ఏ ఊరు మనది?" అన్నారు. ఊరి పేరు చెప్పగానే ఏజెంట్ల పేర్లు, ఎవరు కట్టేశారు, ఎవరి కొడుకు హైదరాబాద్‌లో ఉన్నాడు, అన్నీ మొదలు. మేం అక్కడ లేనట్టే.

నేను రంగుదారం కూడా తీసుకోమన్నా. "రంగుదా? ఎవరికి?" అంది. నీకే అన్నాను. వెంటనే ఒప్పుకోలేదు. తను అల్లిందంతా తెలుపూ క్రీమే, బయటిదేశాలవాళ్లు అవే అడిగేవారు. కుర్రాడు అట్టపెట్టె మొత్తం తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టేశాడు. ఎరుపు తీసింది, పెట్టేసింది. చిలకాకుపచ్చ మా అమ్మ భుజం మీద పెట్టి చూసి, "నీకు నప్పదు" అంది. చివరికి వంగపువ్వు రంగు తీసి పక్కన పెట్టింది. ఇంక దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పిన్నిగారూ, లాట్ నంబర్లు నేను చూశాను, ఒక ఉండ వేరేది వస్తే మార్పించా.

బేరం విషయం. నేను నోరు కట్టేసుకుని ఉన్నాను. ఆవిడ ఆగుతుందా! దారం మీద ముద్రించిన ధర ఉందంటే, "ముద్ర నువ్వేశావా?" అంది. ఓనరుగారు నవ్వి ధర తగ్గించలేదు, ఒక స్టీలు సూది ఊరికే ఇచ్చారు. ఆ సూది ముక్కు గోటి మీద గీసి చూసి, గరుకు లేదని తేల్చుకున్నాకే సంచిలో వేసుకుంది.

పక్క కొట్టులో అల్లిన లేసు చూశాం. చేతిదో మిషనుదో ఎలా చెప్పాలో అక్కడే నేర్పింది. తిరగేసి నడిమి గుండ్రం దగ్గర చూడమంది. చేతిదైతే మొదలుపెట్టిన దారం కొస లోపలికి దూర్చి ఉంటుంది, వేలికి సన్నగా తగులుతుంది. మిషనుదానికి అంచుల్లో కత్తిరించిన నూగు కనపడుతుంది. రెండు గుండ్రాలు తీసుకున్నాం, చెప్పిన ధరకే.

బాధ ఒక్కటే, భోజనం. ఓ హోటల్లో ఏసీ హాలు మేడమీద, లిఫ్టు లేదు. కింద బెంచీలన్నీ నిండిపోయాయి. ఆవిడ మోకాళ్లతో మెట్లెక్కలేదు. ఎంత బతిమాలినా కింద ఒక కుర్చీ సర్దడానికి మేనేజరు కదల్లేదు. చివరికి పార్సిల్ కట్టించుకుని కారులో తిన్నాం. సాంబారు నా చీర తాగింది.

బాత్రూముకి మాత్రం దారం కొట్టు ఓనరుగారి భార్య వెనకే ఉన్న ఇంట్లోకి తీసుకెళ్లారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోండి. ఎవరూ రాయరు గానీ ప్రయాణం బాగుండటం సగం దీనిమీదే ఉంటుంది.

తిరుగు ప్రయాణం పంటు మీద. మావారు రెండోసారి కూడా ఎక్కుదామన్నారు.

భీమవరం బాబాయ్

దిబ్బరొట్టె తిన్లేదు! మొత్తం పోస్టు చదివాను, ఎక్కడా లేదు. ఇది ప్రయాణమెలా అవుతుందండీ?

కాకినాడ కోడలు

పాలకొల్లు వైపు తిరిగితే ఆలస్యమైపోతుందని వదిలేశాం బాబాయ్‌గారూ. అమ్మమ్మ కూడా ఇదే తిట్టు తిట్టింది.

లెక్కల మాస్టారు

నేనింకా నా మాట మీదే ఉన్నాను. దారానికి అయిన ఖర్చుకి డీజిలు ఎన్ని రెట్లయిందో మీరు రాయలేదు. సరే, ఆ పొట్టిక్కలు ఎన్నింటిదాకా దొరుకుతాయి?

భీమవరం బాబాయ్

పొద్దున్నే వెళ్లాలి మాస్టారూ. ఎండెక్కాక వెళ్తే ఆకులే మిగులుతాయి.

గోదారిగట్టు

హోటల్ సంగతి చదివి సిగ్గేసింది. ఈసారి వచ్చేటప్పుడు ఇక్కడ ఒక మాట రాయండి, మా ఇల్లు కింది అంతస్తే. మీ అమ్మమ్మగారు వంగపువ్వు రంగుతో ఏం అల్లుతున్నారు?

కాకినాడ కోడలు

అడిగితే చెప్పట్లేదు. జాకెట్టు చేతికి అంచులా ఉంది వెడల్పు చూస్తే. ఎవరి జాకెట్టో తెలీదు.

సికింద్రాబాద్ పిన్ని

రంగుదారం కాబట్టి మొదటిసారి విడిగా, చన్నీళ్లలో ఉతకండి. తెల్లదుప్పటితో కలిపి నానబెట్టొద్దు. తడిగా ఉన్నప్పుడే చాప మీద పరిచి, గుండుసూదులతో ఆకారం లాగి పెట్టి ఆరనివ్వాలి. పల్చటి గంజి పెడితే అంచు నిలబడుతుంది.

మేం ఇక్కడివాళ్లం నరసాపురం రాలేం గానీ, పోయినసారి మా కోడలితో భూదాన్ పోచంపల్లి వెళ్లాం. హైదరాబాద్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. అల్లుకునే దారం దొరకదు, కానీ చిటికి కట్టిన (రంగు అంటకుండా అక్కడక్కడ బిగించి కట్టిన) నూలు రంగుల్లో ముంచడం దగ్గర నుంచి చూడొచ్చు. ఆసు పోయడం కూడా చూశాం. మేకుల చుట్టూ చేత్తో దారం వేలసార్లు తిప్పాలి, ఒక్క చీర కోసం. తల్లి పడే ఆ భుజం నొప్పి చూడలేకే ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మా కోడలు ఆ యంత్రం ముందు నుంచి కదలనంటుంది, ఇంజనీరు మరి.

పొందూరు పిల్ల

అందరూ గోదారి, హైదరాబాద్ అంటున్నారు, మా శ్రీకాకుళం వైపు కూడా చూడండి. పొందూరులో ఇప్పటికీ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్లు గింజ మీది దూదిని ఎలా సాపు చేస్తాయో చూస్తే వదలరు. తర్వాత చేత్తోనే రాట్నం మీద వడుకుతారు. చేసేవాళ్లందరూ పెద్దవాళ్లే, మీ అమ్మమ్మలకి మాటలకి కొదవుండదు.

ఒహాయో అమ్మాయి

సంక్రాంతికి ఇండియా వస్తున్నా, విశాఖలో అమ్మ దగ్గరే ఉంటా. ఆ పొందూరు నూలు కొనుక్కొచ్చి లేసు అల్లుకోవచ్చా?

పొందూరు పిల్ల

నూలు వద్దక్కా. అది నేతకి వడికింది, ఒంటిపోగు, మరీ సన్నం, మీ సూదికి తెగిపోతుంది. గుడ్డ కొనుక్కుని దాని అంచుకి లేసు అల్లించుకోండి. విశాఖ నుంచి రైల్లోనే రావచ్చు, ఊళ్లో స్టేషను ఉంది, కాకపోతే ఎక్స్‌ప్రెస్‌లన్నీ ఆగవు, పాసింజరు చూసుకోండి. పండగ మూడ్రోజులూ మాత్రం రావద్దు, ఒక్క రాట్నం కూడా తిరగదు. కనుమ దాటి రెండ్రోజులయ్యాక రండి. పెద్దావిడకి మెట్ల బాధ లేదు, అన్నీ నేల మీద గదులే.